టికింటర్ గ్రిడ్: విండో సాగదీస్తే విడ్జెట్లన్నీ ఎడమ మూలనే ఉండిపోతున్నాయి

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. పైథాన్‌లో టికింటర్ (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) వాడి పుస్తకాల వివరాలు నమోదు చేసే ఫారం ఒకటి తయారుచేస్తున్నాను. పైన పేరు, రచయిత, సంవత్సరం, విభాగం. ఒక్కోదానికి ఎడమవైపు లేబుల్, కుడివైపు ఎంట్రీ (రాసే పెట్టె). వాటి కింద వ్యాఖ్యలు రాసుకునే టెక్స్ట్ పెట్టె, దాని పక్కన స్క్రోల్‌బార్. అన్నిటికంటే కింద సేవ్, క్లియర్, క్లోజ్ అని మూడు బటన్లు. ఈ విడ్జెట్లన్నీ (విండోలో కనిపించే భాగాలు) గ్రిడ్‌తోనే, అంటే వరుసలూ కాలమ్‌లూ ఉన్న గడుల్లో, పెట్టాను, రో నంబర్లూ కాలమ్ నంబర్లూ సరిగానే ఇచ్చాను. తెరవగానే చక్కగా కనిపిస్తోంది. కానీ విండోని మ్యాక్సిమైజ్ చేస్తే ఫారం మొత్తం పైన ఎడమ మూలలో అదే సైజులో ఉండిపోయి, కుడివైపూ కిందా బోలెడంత ఖాళీ మిగులుతోంది. ఎంట్రీలన్నిటికీ స్టిక్కీ కూడా ఇచ్చాను, "ఈడబ్ల్యూ" అని. అయినా ఒక్క పిక్సెల్ కూడా సాగడం లేదు. ఇంకేం చెయ్యాలి?

నిలువుగీత:
విడ్జెట్లు నేరుగా విండోలో ఉన్నాయా, మధ్యలో ఫ్రేమ్ (వేరే విడ్జెట్లని తనలో ఉంచుకునే పెట్టె) ఏదైనా ఉందా? జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

వేగుచుక్క:
నేనైతే గ్రిడ్ జోలికే వెళ్ళను. ప్లేస్ వాడి ఎక్స్, వై కొలతలు ఇచ్చేస్తే ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. విండో సైజు మార్చకుండా రీసైజబుల్ ఫాల్స్ పెట్టేస్తే ఈ గొడవే లేదు. కాయితం మీద గీసుకుని కొలతలు వేసుకుంటే చాలు.

గడినుడి:
వేగుచుక్క గారూ, మీ స్క్రీన్ మీద అది బాగానే ఉంటుంది. అదే ప్రోగ్రామ్‌ని వేరే ఫాంటు, వేరే డిస్‌ప్లే స్కేలింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్షరాలు పెద్దవవుతాయి, మీరిచ్చిన కొలతలు మాత్రం మారవు. లేబుల్ ఎంట్రీ మీదికి ఎక్కుతుంది, బటన్ మీద పేరు సగంలో తెగిపోతుంది. లేబుళ్ళని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చినా అంతే: పదాల పొడవు మారుతుంది, గుడులూ ఒత్తులూ ఉన్న వరుసకి ఎత్తు ఎక్కువ కావాలి. గ్రిడ్ ఉన్నదే ఈ లెక్కలు మన చేత వేయించకుండా ఉండటానికి. ప్రతి విడ్జెట్‌నీ నీకెంత చోటు కావాలని అడిగి, ఒక కాలమ్‌లో అందరికంటే ఎక్కువ అడిగినవాడి కొలతే ఆ కాలమ్ వెడల్పుగా తీసుకుంటుంది. వరుస ఎత్తుకీ అదే పద్ధతి. ప్లేస్‌కి దాని పని దానికుంది, ఒక బొమ్మ మీద చిన్న గుర్తు అంటించాలంటే నేనూ అదే వాడతాను. ఫారంకి మాత్రం వద్దు.

ఇక కొత్తచిగురు గారి ప్రశ్న. గ్రిడ్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి, ఈ రెండూ విడివిడిగా మనసుకి ఎక్కితే సగం సమస్యలు పోతాయి. ఒకటి: గడి ఎంత పెద్దది? రెండు: ఆ గడిలో విడ్జెట్ ఎంత మేర పరుచుకుంటుంది? గది పెద్దది చేసినంత మాత్రాన అందులోని మంచం పెద్దది కాదు కదా, ఇదీ అంతే. గడి పెరగాలా వద్దా అనేది వెయిట్ చెబుతుంది. పెరిగిన గడిలో విడ్జెట్ ఏ గోడలకి ఆనుకోవాలో స్టిక్కీ చెబుతుంది.

స్టిక్కీలో ఎన్ అంటే పై గోడ, ఎస్ అంటే కింది గోడ, "ఈ" అంటే కుడి, డబ్ల్యూ అంటే ఎడమ. ఒక్క డబ్ల్యూ ఇస్తే విడ్జెట్ తన సైజులోనే ఉండి ఎడమకి జరుగుతుంది. ఈడబ్ల్యూ ఇస్తే రెండు గోడలకీ ఆనుకోవాలి కాబట్టి సాగుతుంది. ఏమీ ఇవ్వకపోతే గడి మధ్యలో నిలబడుతుంది.

మీరు స్టిక్కీ ఇచ్చారు. అంటే ఎంట్రీ సాగడానికి సిద్ధంగానే ఉంది. కానీ గడే పెరగడం లేదు, ఎందుకంటే ప్రతి కాలమ్‌కీ ప్రతి వరుసకీ వెయిట్ మొదట్లో సున్నా. సున్నా అంటే "మిగిలిన చోటులో నాకు వాటా వద్దు" అని. అన్నీ వద్దంటే ఆ చోటు ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది, ఫారం వాయవ్య మూలకి చేరుతుంది. మీకు కనిపిస్తున్నది సరిగ్గా అదే.

కావలసినవి రెండు పంక్తులు. ఎంట్రీలున్న కాలమ్ 1 అనుకుంటే,

విండో.కాలమ్‌కాన్ఫిగర్(1, వెయిట్=1)

టెక్స్ట్ పెట్టె ఉన్న వరుస 4 అనుకుంటే,

విండో.రోకాన్ఫిగర్(4, వెయిట్=1)

లేబుళ్ళ కాలమ్‌కి వెయిట్ ఇవ్వకండి, లేబుల్ సాగి ఏం చేస్తుంది? ఎంట్రీల వరుసలకీ అక్కర్లేదు, ఒంటి పంక్తి ఎంట్రీ నిలువుగా సాగితే చూడ్డానికి వికారంగా ఉంటుంది. పెరగాల్సింది పెరిగితే చాలు.

కొత్తచిగురు:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు పంక్తులూ పెట్టి చూశాను, అయినా మార్పు లేదు. నిలువుగీత గారు అడిగినట్టు మధ్యలో ఫ్రేమ్ ఉంది. విండోలో మెయిన్ అనే ఫ్రేమ్‌ని రో 0, కాలమ్ 0లో పెట్టాను, మిగతావన్నీ ఆ మెయిన్‌లో ఉన్నాయి. బటన్లకి ఇంకో ఫ్రేమ్, అదీ మెయిన్‌లోనే. కాలమ్‌కాన్ఫిగర్ మాత్రం విండో మీద పిలిచాను.

నిలువుగీత:
అందుకే అడిగాను. కాలమ్‌కాన్ఫిగర్ ఎవరి మీద పిలిస్తే వాళ్ళ కాలమ్‌లకే వర్తిస్తుంది. విండోకి తనదైన గ్రిడ్ ఉంది, మెయిన్‌కి తనదైన గ్రిడ్ ఉంది, బటన్ల ఫ్రేమ్‌కి మరొకటి. ఈ మూడింటికీ ఒకరి కాలమ్ నంబర్లు ఇంకొకరికి తెలియవు. విండో గ్రిడ్‌లో ఉన్నది ఒకే గడి, 0, 0. అందులో మెయిన్ కూర్చుంది. మీరు వెయిట్ ఇచ్చింది విండోలో ఎవరూ లేని కాలమ్ 1కి. అంటే మిగిలిన చోటంతా ఆ ఖాళీ కాలమ్‌కే పోయింది.

పై నుంచి కిందకి దిగుతూ రండి. విండోలో రో 0కీ కాలమ్ 0కీ వెయిట్ 1. మెయిన్‌కి స్టిక్కీ నాలుగు దిక్కులూ, "ఎన్‌ఎస్‌ఈడబ్ల్యూ". ఇప్పుడు విండో పెరిగితే మెయిన్ పెరుగుతుంది. తర్వాత మెయిన్.కాలమ్‌కాన్ఫిగర్(1, వెయిట్=1), మెయిన్.రోకాన్ఫిగర్(4, వెయిట్=1). టెక్స్ట్‌కి స్టిక్కీ నాలుగు దిక్కులూ, స్క్రోల్‌బార్‌కి "ఎన్‌ఎస్" మాత్రమే, దాని కాలమ్‌కి వెయిట్ వద్దు. ఈ వరసలో ఏ ఒక్క మెట్టు దగ్గర వెయిట్ గానీ స్టిక్కీ గానీ తప్పిపోయినా దాని లోపల ఉన్నవన్నీ కదలకుండా ఉండిపోతాయి. లోపల ఎంత బాగా రాసినా ఉపయోగం ఉండదు. అందుకే సాగనిది కనిపించినప్పుడు ఆ విడ్జెట్ దగ్గర కాక, విండో దగ్గర నుంచే వెతకడం మొదలుపెట్టాలి.

ఇంకో చిన్న మాట. స్క్రోల్‌బార్ కాలమ్ 2లో ఉంది కాబట్టి ఎంట్రీల కుడి అంచు టెక్స్ట్ అంచుతో ఆగుతుంది, స్క్రోల్‌బార్ బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఎంట్రీలకి కాలమ్‌స్పాన్=2 ఇచ్చి రెండు కాలమ్‌ల మీదుగా పరవండి, కుడి అంచు తిన్నగా వస్తుంది. బటన్ల ఫ్రేమ్‌కి కాలమ్‌స్పాన్=3, స్టిక్కీ "ఈ" ఇస్తే బటన్లు కుడి మూలకి చేరతాయి.

కొత్తచిగురు:
వచ్చింది! మ్యాక్సిమైజ్ చేస్తే టెక్స్ట్ పెట్టె నిండుగా పరుచుకుంటోంది. చాలా సంతోషం. ఇప్పుడు ఇంకో కోరిక. సంవత్సరం, విభాగం ఒకే వరుసలో పక్కపక్కన పెట్టాను. సంవత్సరానికి చిన్న ఎంట్రీ, విభాగానికి కాంబోబాక్స్ (జాబితాలోంచి ఎంచుకునే పెట్టె). రెండు కాలమ్‌లకీ వెయిట్ 1 ఇచ్చాను కదా, రెండూ సమానంగా ఉండాలి. కానీ విభాగమే ఎప్పుడూ పెద్దదిగా ఉంటోంది. వెయిట్ సమానమైతే వెడల్పు సమానం కాదా?

వెబ్‌పిట్ట:
నేనూ ఇదే అడుగుదామనుకున్నాను. నేను వెబ్ పేజీలు రాస్తాను. 2017 మార్చిలో పెద్ద బ్రౌజర్లు వరసగా సీఎస్‌ఎస్ గ్రిడ్‌ని (వెబ్ పేజీల్లో గడుల అమరికని) తీసుకొచ్చినప్పటి నుంచి దాంతోనే పని. అక్కడ రెండు కాలమ్‌లకి ఒక్కో ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) చొప్పున రాస్తే, లోపలి సరుకు మరీ పెద్దదైతే తప్ప, రెండూ సమానంగానే వస్తాయి. వెయిట్ కూడా అలాంటిదే అనుకున్నాను. తేడా ఎక్కడుంది?

గడినుడి:
తేడా పంచే వస్తువులో ఉంది. ఎఫ్‌ఆర్ పంచేది, స్థిరమైన కాలమ్‌లు పోగా మిగిలిన చోటు మొత్తాన్ని. టీకేలో (టికింటర్ వెనక పనిచేసే టూల్‌కిట్) వెయిట్ పంచేది, ప్రతి కాలమ్ తనకి కావలసినంత తీసుకున్న తర్వాత ఇంకా మిగిలిన దాన్ని మాత్రమే.

అంకెల్లో చూద్దాం. లేబుళ్ళని పక్కన పెట్టి ఈ రెండు కాలమ్‌లే ఉన్నాయనుకోండి. సంవత్సరానికి 80 పిక్సెళ్ళు కావాలి, విభాగానికి 200. మొత్తం 280. వాటికి దొరికిన వెడల్పు 480. మిగిలింది 200. వెయిట్లు 1, 1 అయితే చెరో 100. సంవత్సరం 180, విభాగం 300. విండో ఎంత పెంచినా ఆ 120 తేడా అలాగే ఉంటుంది. వెయిట్లు 1, 3 ఇస్తే 50, 150 పంచుకుని 130, 350 అవుతాయి. వెయిట్ మూడు రెట్లు అయినా వెడల్పు మూడు రెట్లు కాలేదు, చూడండి.

సమానంగానే ఉండాలంటే యూనిఫాం అనే ఆప్షన్ ఉంది. చాలామంది దీన్ని చూడకుండానే దాటిపోతారు, నాకైతే గ్రిడ్ మొత్తంలో ఇదే ఎక్కువ ఇష్టం. రెండు కాలమ్‌లకీ ఒకే గుంపు పేరు ఇవ్వాలి, పేరు ఏదైనా పర్లేదు:

మెయిన్.కాలమ్‌కాన్ఫిగర్((1, 3), వెయిట్=1, యూనిఫాం="జత")

కాలమ్ నంబర్లు ఇలా బ్రాకెట్లలో కలిపి ఇవ్వొచ్చు, ఒక్కోదానికి ఒక్కో పంక్తి రాయనక్కర్లేదు. ఒక గుంపులో ఉన్న కాలమ్‌ల వెడల్పులు కచ్చితంగా వెయిట్ల నిష్పత్తిలో ఉంటాయి. ఇప్పుడు 480 దొరికితే చెరో 240. కానీ దీనికి వెల ఉంది: సంవత్సరం కాలమ్ కూడా కనీసం 200 తీసుకోవాలి కాబట్టి ఫారంకి కావలసిన వెడల్పు 280 నుంచి 400కి పెరుగుతుంది. ఇరుకు విండోలో అది తెలుస్తుంది. మూడు బటన్ల ఫ్రేమ్‌లో కూడా ఇదే వాడి, బటన్లకి స్టిక్కీ "ఈడబ్ల్యూ" ఇవ్వండి. పేర్లు చిన్నాపెద్దా అయినా బటన్లు ఒకే సైజులో వస్తాయి.

నిజానికి సంవత్సరం రాసే ఎంట్రీ విభాగమంత వెడల్పు ఉండాలా అనేది ఆలోచించండి. నాలుగంకెలు రాసే చోటు నాలుగంకెలంతే కనిపిస్తే, అక్కడ ఏం రాయాలో చూడగానే తెలుస్తుంది. నేనైతే ఆ కాలమ్‌కి వెయిట్ సున్నాయే ఉంచుతాను.

పాతకోడు:
మంచి చర్చ. కాస్త పాత సంగతులు కలుపుతాను. టీకేని బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ టీసీఎల్ భాషకి తోడుగా తయారుచేశారు. తొలి రోజుల్లో ఈ గ్రిడ్ లేదు, అంతా ప్యాక్‌తోనే, అంటే విడ్జెట్లని ఒక్కో అంచుకి వరసగా పేర్చే పద్ధతితోనే, నడిచేది. లేబుళ్ళూ ఎంట్రీలూ తిన్నగా ఒక వరసలో రావాలంటే ఫ్రేమ్ లోపల ఫ్రేమ్ పెట్టుకుంటూ పోవాల్సి వచ్చేది. గ్రిడ్ 1996లో టీకే 4.1తో వచ్చింది. డగ్ స్టైన్ రాసిన గ్రిడ్‌బ్యాగ్, జార్జ్ హౌలెట్ రాసిన బీఎల్‌టీ టేబుల్, ఈ రెండింటి ఆలోచనల మీద దీన్ని కట్టారని టీకే మాన్యువల్లోనే రాసి ఉంది.

ప్యాక్ పనికిరానిదని అనుకోకండి. పైన టూల్‌బార్, కింద స్టేటస్ బార్, మధ్యలో మిగిలినదంతా ఎడిటర్ అనే అమరికకి ప్యాక్ అంత సులువైనది లేదు. అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా గీతలు కలవాల్సి వచ్చినప్పుడు గ్రిడ్ కావాలి.

ఒకే కంటైనర్‌లో మాత్రం రెండూ కలపొద్దు. ఒకే ఫ్రేమ్‌లో ఒక విడ్జెట్‌ని ప్యాక్ చేసి ఇంకోదాన్ని గ్రిడ్ చేస్తే, ఆ ఫ్రేమ్ సైజు నేను చెబుతానంటే నేను చెబుతానని రెండూ పోటీపడతాయి. పాత వెర్షన్లలో ప్రోగ్రామ్ అలాగే బిగుసుకుపోయేది, ఎర్రర్ కూడా వచ్చేది కాదు, ఎందుకో తెలిసేది కాదు. టీకే 8.6 నుంచి వెంటనే ఎర్రర్ చూపిస్తోంది, అది పెద్ద మేలు. వేర్వేరు ఫ్రేమ్‌లలో వేర్వేరు పద్ధతులు వాడటం మాత్రం మామూలే. విండోలో ప్యాక్, లోపలి ఫ్రేమ్‌లో గ్రిడ్, ఏ ఇబ్బందీ లేదు.

క్యూటీదారి:
వేరే టూల్‌కిట్లకి వెళ్ళేవాళ్ళ కోసం. ఆలోచన ఒక్కటే, పేర్లు మారతాయి. క్యూటీలో వెయిట్‌కి బదులు స్ట్రెచ్, క్యూగ్రిడ్‌లేఅవుట్‌లో సెట్‌కాలమ్‌స్ట్రెచ్, సెట్‌రోస్ట్రెచ్. జావా స్వింగ్‌లో గ్రిడ్‌బ్యాగ్‌లేఅవుట్: వెయిట్‌ఎక్స్, వెయిట్‌వై గడి కోసం, ఫిల్, యాంకర్ రెండూ కలిసి టీకే స్టిక్కీ చేసే పని చేస్తాయి. డబ్ల్యూఎక్స్‌లో ఫ్లెక్స్‌గ్రిడ్‌సైజర్ తీసుకుని ఏ కాలమ్ పెరగాలో యాడ్‌గ్రోవబుల్‌కాల్‌తో చెప్పాలి. జీటీకేలో కాలమ్‌కి కాదు, విడ్జెట్‌కే హెచ్‌ఎక్స్‌పాండ్, వీఎక్స్‌పాండ్ పెడతాం. అన్ని కాలమ్‌లూ సమానంగా కావాలంటే కాలమ్ హోమోజీనియస్.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. క్యూటీ యాడ్‌విడ్జెట్‌లో ముందు రో, తర్వాత కాలమ్. జీటీకే గ్రిడ్ అటాచ్‌లో ముందు కాలమ్, తర్వాత రో. ఒకదాని నుంచి ఇంకోదానికి కోడ్ మార్చేటప్పుడు ఫారం మొత్తం పక్కకి పడిపోయి కనిపిస్తే ముందు ఇదే చూడండి. టికింటర్‌లో రో=, కాలమ్= అని పేరు పెట్టి రాస్తాం కాబట్టి ఈ తికమక లేదు, ఆ విషయంలో నాకు టికింటరే నచ్చుతుంది.

లేబుల్, ఎంట్రీ జతలు మాత్రమే ఉన్న ఫారంకి క్యూటీలో క్యూఫారంలేఅవుట్ అని విడిగా ఉంది. రో నంబర్లతో పనే లేదు, యాడ్‌రో అని ఒక్కో జత ఇచ్చుకుంటూ పోవడమే.

కొత్తచిగురు:
యూనిఫాంతో బటన్లు చూడముచ్చటగా వచ్చాయి. సంవత్సరం కాలమ్‌ని గడినుడి గారు చెప్పినట్టు చిన్నదిగానే ఉంచేశాను. ఇప్పుడు రెండో వైపు సమస్య. తెరవగానే విండో అనుకున్నదానికంటే చాలా పెద్దదిగా వస్తోంది. దాన్ని చిన్నది చేస్తూ పోతే ఒక దశలో బటన్లు కింద నుంచి తెగిపోతున్నాయి. పెరగడం గురించి అన్నీ తెలిశాయి, తరిగేటప్పుడు ఏం జరుగుతుంది?

నిలువుగీత:
పెద్దదిగా రావడానికి కారణం టెక్స్ట్ విడ్జెట్. మనం ఏమీ చెప్పకపోతే అది 80 అక్షరాల వెడల్పు, 24 పంక్తుల ఎత్తు అడుగుతుంది. గమనించండి, టెక్స్ట్, ఎంట్రీలకి విడ్త్ అక్షరాల్లో, పిక్సెళ్ళలో కాదు. విడ్త్=40, హైట్=6 ఇవ్వండి. కనీసం అంత అడుగుతుంది, చోటు దొరికితే వెయిట్ వల్ల ఎలాగూ పెరుగుతుంది. పెరిగే విడ్జెట్‌ని మొదట చిన్నదిగా అడగనివ్వడం మంచి అలవాటు.

తరగడంలో కూడా లెక్క వెయిట్‌దే. చోటు చాలనప్పుడు, వెయిట్ ఉన్న వరుసల నుంచే వెయిట్ల నిష్పత్తిలో తీసుకుంటుంది, మిన్‌సైజ్ (కనీస సైజు) దాకా. వెయిట్ సున్నా ఉన్నవాటిని ముట్టుకోదు. అందువల్ల మీ ఫారంలో ముందు తరిగేది టెక్స్ట్ పెట్టె, బటన్ల వరుస దాని ఎత్తు దానికి ఉంటుంది. టెక్స్ట్ వరుస పూర్తిగా తరిగిపోయాక ఇంకా చాలకపోతే అప్పుడు కింది వైపూ కుడి వైపూ కోత పడుతుంది. బటన్లు సరిగ్గా ఆ మూలనే ఉంటాయి కాబట్టి అవే పోతాయి.

దీనికి రెండు పనులు. టెక్స్ట్ వరుసకి రోకాన్ఫిగర్‌లో మిన్‌సైజ్=60 లాంటిది ఇవ్వండి, కనీసం రెండు మూడు పంక్తులు కనిపించాలి కదా. తర్వాత విండోకే ఒక కనీస సైజు పెట్టండి. ఆ సైజుని అంకె రూపంలో రాయొద్దు, ఫారంనే అడగండి: అన్ని విడ్జెట్లూ పెట్టిన తర్వాత విండో.అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్() పిలిచి, విండో.విన్ఫో_రెక్‌విడ్త్(), విండో.విన్ఫో_రెక్‌హైట్() ఇచ్చిన విలువలని విండో.మిన్‌సైజ్‌కి ఇవ్వండి. రెక్‌విడ్త్ అంటే కావలసిన వెడల్పు. మామూలు విన్ఫో_విడ్త్ అంటే ఇప్పుడున్న వెడల్పు, విండో ఇంకా తెరమీదికి రాకముందు అడిగితే అది 1 అని చెబుతుంది. ఆ రెండూ వేరు.

పాతకోడు:
పైదానికి ఒక చేర్పు. ప్యాక్‌లో ఈ నియమం వేరు, చోటు చాలకపోతే అందరికంటే చివర ప్యాక్ చేసినదానికి ముందు కోత పడుతుంది. అందుకే ప్యాక్ వాడేటప్పుడు కింది బటన్ల ఫ్రేమ్‌ని ముందు ప్యాక్ చేసి, పెరిగే టెక్స్ట్‌ని చివర ప్యాక్ చెయ్యాలి.

వేగుచుక్క:
గడినుడి గారూ, మీరు చెప్పాక నా పాత ఫారం ఒకటి గ్రిడ్‌లోకి మారుస్తున్నాను. ఫాంటు మార్చి చూస్తే నిజంగానే దానంతట అదే సర్దుకుంటోంది, బాగుంది. కానీ ఏ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కంటికి కనిపించదు కదా, తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ఇంకోటి, ఎంట్రీలో రాసినది తీసుకోవడానికి గెట్ పిలిస్తే నన్‌టైప్ అని ఎర్రర్ వస్తోంది.

గడినుడి:
రెండోది ముందు. ఎంట్రీ(మెయిన్).గ్రిడ్(...) అని ఒకే పంక్తిలో రాసి దాన్ని ఒక పేరుకి ఇచ్చి ఉంటారు. గ్రిడ్ తిరిగి ఇచ్చేది నన్ (ఏమీ లేదు అని), ఎంట్రీని కాదు. ఒక పంక్తిలో ఎంట్రీ తయారుచేసి పేరు పెట్టండి, తర్వాతి పంక్తిలో గ్రిడ్ పిలవండి. విడ్జెట్లు తయారుచేసే పంక్తులన్నీ ఒకచోట, గ్రిడ్ పంక్తులన్నీ ఇంకోచోట ఉంటే అమరిక మొత్తం ఒక చూపులో చదువుకోవచ్చు, రేపు మార్చడమూ తేలిక.

గడులు చూడాలంటే ఫ్రేమ్‌లకి తలో రంగు వెయ్యండి, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. ఏ ఫ్రేమ్ సాగుతోంది, ఏది ఆగిపోయిందీ రంగుతో పట్టుబడుతుంది. టీటీకే (టీకేలోనే థీమ్‌లతో వచ్చే విడ్జెట్ల గుంపు) ఫ్రేమ్‌లు నేరుగా బీజీ (వెనక రంగు) తీసుకోవు, వెతికేంతసేపు మామూలు టీకే ఫ్రేమ్ వాడుకోండి. లేబుళ్ళకి కూడా రంగేస్తే స్టిక్కీ ఎంత పనిచేస్తోందో కనిపిస్తుంది. కోడ్ వైపు నుంచైతే మెయిన్.గ్రిడ్_సైజ్() ఎన్ని కాలమ్‌లు, ఎన్ని వరుసలు ఉన్నాయో చెబుతుంది, గ్రిడ్_బీబాక్స్ ఒక గడి ఎక్కడుందో, ఎంత వెడల్పూ ఎత్తూ ఉందో చెబుతుంది, ఏ విడ్జెట్ మీదైనా గ్రిడ్_ఇన్ఫో పిలిస్తే దానికిచ్చిన రో, కాలమ్, స్టిక్కీ అన్నీ వస్తాయి.

ఎవరూ లేని వరుసకి ఎత్తు సున్నా. కాబట్టి వరుసలకి 0, 1, 2 అని కాకుండా 10, 20, 30 అని నంబర్లిచ్చినా చూడ్డానికి తేడా రాదు, మధ్యలో కొత్త వరుస చేర్చాల్సి వస్తే మిగతా నంబర్లన్నీ మార్చే పని తప్పుతుంది.

వెబ్‌పిట్ట:
ఎడాల గురించి ఎవరూ చెప్పలేదు. ప్యాడ్‌ఎక్స్‌కి రెండు అంకెల జత ఇవ్వొచ్చు, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. లేబుల్‌కి (0, 8) ఇస్తే ఎంట్రీకి లేబుల్‌కి మధ్య మాత్రమే ఎడం వస్తుంది, అంచు దగ్గర రాదు. ఐప్యాడ్‌ఎక్స్ వేరు, అది విడ్జెట్ లోపలే చోటు పెంచుతుంది. ఎడాలు పిక్సెళ్ళలోనే ఇవ్వాలని లేదు, "6పీ" అని పాయింట్లలో, "2ఎం" అని మిల్లీమీటర్లలో కూడా ఇవ్వొచ్చు. ఎక్కువ రిజల్యూషన్ ఉన్న తెర మీద ఎడాలు మరీ సన్నగా కనిపిస్తుంటే అలా రాసి చూడండి.

టెక్స్ట్ పెట్టె పక్కన ఉన్న "వ్యాఖ్యలు" లేబుల్‌కి స్టిక్కీ "ఎన్‌డబ్ల్యూ" ఇవ్వడం మరిచిపోకండి, లేకపోతే విండో పెరిగేకొద్దీ అది టెక్స్ట్ నడుమ ఎత్తులోకి జారుతుంది. ఫారం చదివేవాళ్ళ కన్ను టెక్స్ట్ పై అంచు దగ్గర వెతుకుతుంది.

అక్షరబాట:
కీబోర్డుతో మాత్రమే పనిచేసేవాళ్ళ తరఫున ఒక విన్నపం. గ్రిడ్‌లో ఏది ఎక్కడ ఉందన్నదాన్ని ట్యాబ్ కీ పట్టించుకోదు. టికింటర్‌లో ట్యాబ్ వెళ్ళే వరస, విడ్జెట్లని ఏ క్రమంలో తయారుచేశారన్నదాన్నిబట్టి ఉంటుంది. కొత్తచిగురు గారు సంవత్సరాన్నీ విభాగాన్నీ తర్వాత జరిపారు కదా, ఇప్పుడు ట్యాబ్ నొక్కుతూ వెళ్ళి చూడండి. విభాగం నుంచి ముందుకెళ్ళాల్సింది వెనక్కి దూకుతుంటే, కోడ్‌లో విడ్జెట్లు తయారుచేసే పంక్తులని కంటికి కనిపించే క్రమంలోకి మార్చండి. అది కుదరకపోతే, కావలసిన క్రమంలో ఒక్కోదాని మీద లిఫ్ట్() పిలిచినా సరిపోతుంది. కాంబోబాక్స్ లాంటి టీటీకే విడ్జెట్లకీ ఇదే వరస. మౌస్ వాడేవాళ్ళకి ఇది కనపడదు, చూపు లేనివాళ్ళకి ఫారం అంటే ఈ వరసే.

కొత్తచిగురు:
అక్షరబాట గారూ, నొక్కి చూశాను, మీరన్నట్టే రచయిత నుంచి విభాగానికి వెళ్ళి తర్వాత సంవత్సరానికి వస్తోంది. క్రమం మార్చేశాను. చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

చివరి ప్రశ్న. విభాగంలో "అనువాదం" ఎంచుకుంటే "మూల భాష", "అనువాదకులు" అని రెండు వరుసలు అదనంగా రావాలి, వేరేది ఎంచుకుంటే పోవాలి. డిస్ట్రాయ్ చేసి మళ్ళీ తయారుచేస్తుంటే అప్పటిదాకా రాసినది పోతోంది.

నిలువుగీత:
డిస్ట్రాయ్ వద్దు. గ్రిడ్_రిమూవ్() పిలవండి. విడ్జెట్ తెర మీద నుంచి తప్పుకుంటుంది, అందులో రాసినది అలాగే ఉంటుంది, దాని రో, కాలమ్, స్టిక్కీ, ఎడాలు కూడా గుర్తుంటాయి. తిరిగి తేవాలంటే ఏ వివరాలూ లేకుండా ఊరికే గ్రిడ్() అంటే చాలు, పాత చోటుకే వస్తుంది. గ్రిడ్_ఫర్గెట్ అని ఇంకోటి ఉంది, అది వివరాలన్నీ మరిచిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. మీకు కావలసింది రిమూవ్.

వరుసలో ఉన్న లేబుల్, ఎంట్రీ రెండూ తీసేస్తే ఆ వరుస ఎత్తు సున్నా అవుతుంది, కింది వరుసలు పైకి వస్తాయి. ఆ వరుసకి మిన్‌సైజ్ ఇచ్చి ఉంటే మాత్రం చోటు అలాగే మిగులుతుంది, అది ఇవ్వకండి. లేబుల్‌నీ ఎంట్రీనీ కలిపి ఒక ఫ్రేమ్‌లో పెట్టి ఆ ఫ్రేమ్‌ని దాచొచ్చు కదా అనిపిస్తుంది, కానీ అప్పుడు ఆ ఫ్రేమ్ గ్రిడ్ వేరైపోయి పై లేబుళ్ళతో కాలమ్ కలవదు. నాలుగు విడ్జెట్లనీ ఒక జాబితాలో పెట్టుకుని ఒక లూప్‌తో దాచడమే మేలు.

విండో సైజుని వాడేవాళ్ళు చేత్తో మార్చి ఉంటే, కొత్త వరుసలు వచ్చినప్పుడు విండో తనంతట తాను పెరగదు, టెక్స్ట్ పెట్టె తరిగి చోటిస్తుంది. చాలాసార్లు అదే నయం, వాళ్ళు పెట్టుకున్న సైజు మనం మార్చకూడదు. తప్పదనుకుంటే విండో.జామెట్రీ("") అని ఖాళీగా పిలిస్తే ఫారం అడిగినంత సైజుకి తిరిగి వస్తుంది. మిన్‌సైజ్ లెక్క మాత్రం ఆ రెండు వరుసలూ కనిపిస్తున్నప్పుడే వేసి, తర్వాత వాటిని దాచండి.